పిరమస్ నదిలా ఎందుకున్నాడు?

సైప్రస్ దీవిలోని పాఫోస్‌లో 1962లో నేల చదును చేస్తుండగా రోమన్ల కాలపు పెద్ద ఇల్లొకటి బయటపడింది. డయోనిసస్ ఇల్లు అంటారు దాన్ని. క్రీ.శ. 2వ శతాబ్దం చివరా 3వ శతాబ్దం మొదట్లోనూ దాని నేల మీద రంగురాళ్ల ముక్కలతో పురాణ కథలు పరిచారు. అందులో పిరమస్, థిస్బేల బొమ్మ ఉంది.

రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథ చాలామందికి తెలిసిందే. బాబిలోన్‌లో పక్కపక్క ఇళ్ల ప్రేమికులు గోడ బీటలోంచి గుసగుసలాడుకుంటారు. ఒక రాత్రి కలుసుకోబోతే ఆడసింహం వస్తుంది. థిస్బే పారిపోతూ పైబట్ట జారవిడుస్తుంది. నెత్తురంటిన ఆ బట్ట చూసి పిరమస్ పొడుచుకు చస్తాడు, తర్వాత ఆమె. మల్బరీ పళ్లు అందుకే ఎర్రబడ్డాయట! మన స్థలపురాణాల బాపతే.

పాఫోస్ బొమ్మలో బెదిరిపోయిన థిస్బే ఉంది, బట్ట నోట కరుచుకున్న చిరుతపులీ ఉంది. పిరమస్ మాత్రం తలకు రెల్లు కిరీటం పెట్టుకుని, నీళ్లు పారుతున్న కుండ మీద ఆనుకుని తీరిగ్గా పడుకున్నాడు. అచ్చం నదీ దేవత. పక్కన పేరు గ్రీకులో రాసే ఉంది కాబట్టి మరొకరనుకోవడానికి వీల్లేదు.

పనివాడు పొరబడ్డాడని కొందరు పండితులు తేల్చేశారు. నాకిది మింగుడు పడలేదు. ఎదుట కనిపించేది పుస్తకంతో కలవకపోతే తప్పు కనిపించేదానిదేనా? శబ్ద ప్రమాణం అంటే ఇదే కదండీ.

పిరమస్ నిజంగానే ఒక నది. ఇవాళ్టి టర్కీలోని జెయ్‌హాన్. సైప్రస్‌కు ఎదురుగా సముద్రంలో కలుస్తుంది. దాని ఒండ్రు ఏదో ఒకనాటికి సైప్రస్ దాకా మేటవేస్తుందని ఒక జోస్యం ఉండేదని స్ట్రాబో రాశాడు. రెండు వేల ఏళ్లయింది, ఇంకా చేరలేదు! ప్రేమికుల్లో అతను నదిగా, ఆమె ఊటగా మారారనే కథా గ్రీకు తూర్పు ప్రాంతాల్లో ఉంది.

అలాగని వాదం తేలిపోయిందనను. 5వ శతాబ్దపు నోన్నస్ వంటి, ఆ నది కథ చెప్పే రచయితలు బొమ్మకు తర్వాతివాళ్లు. చిరుత, బట్ట ఓవిడ్ తరహా కథలోవి. రెండూ కలిసిపోయి ఉండాలి. ఇంకోటి, అదే వసారాలో అపోలో, డాఫ్నేల బొమ్మ ఉంది. అందులో డాఫ్నే తండ్రి పెనియస్, అతనూ నదే, ఇలాగే పడుకుని ఉన్నాడు.