ప్లేగు పెంచిన పేటలు

ఈ ఊరికి క్రొత్తగా వచ్చిన మనవారిని మొదట అడుగు ప్రశ్న, "ఇల్లు దొరికినదా?" అని. క్షేమసమాచారములు ఆ తరువాత. నేను అనంతపురమునుండి వచ్చిన దినములలో ఒక యింటి యజమాని పదినెలల అద్దె అడ్వాన్సుగా అడిగెను. టిక్కెట్టు కౌంటరులో తప్ప అంత సొమ్ము ఒక్కచోట నేను చూచి యుండలేదు. ఇది ఈ కాలపు బాధయే అనుకొంటిని. ఊరి చరిత్ర చదివిన తరువాత కాదని తెలిసినది.

కెంపేగౌడ 1537లో కట్టించిన ఊరు చిక్కపేట, దొడ్డపేట, బళేపేట, తరగుపేటలుగా పెరిగినది. మన తెలుగు వర్తకులును అక్కడ తరతరములుగా కలరు. వీథులు ఇరుకు. ఇండ్లలో గాలి వెలుతురు తక్కువ. ధాన్యపు కొట్లున్నచోట ఎలుకలకు కొదువ యేమి? 1898 ఆగస్టులో ప్లేగు ప్రవేశించినది. హుబ్లీ వైపునుండి రైలు మార్గమున వచ్చినదని చెప్పుదురు. రైల్వేవాడనై యుండి ఈ మాట వ్రాయుటకు కొంచెము సిగ్గుగానే యున్నది.

జనులు ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలలో, రేకుల షెడ్లలో తలదాచుకొనిరి. ప్లేగు మారెమ్మ గుళ్లు వెలసినవి. 1891లో పేట, దండు కలిపి సుమారు 1,80,000 జనాభా. 1901లో సుమారు 1,59,000. తగ్గినవారందరు మరణించినవారు కారు, పారిపోయినవారును అందులో కలరు.

దివాను శేషాద్రి అయ్యరు కాలమున అంతకుముందే తలపెట్టిన మల్లేశ్వరము, బసవనగుడి ఆ తరువాత వేగముగా పెరిగినవి. తిన్నని వెడల్పు వీథులు, ఇంటిచుట్టు ఖాళీ స్థలము. దండువైపు ఫ్రేజరు టౌను వచ్చినది. నేడు పూలకు, కాఫీకి మల్లేశ్వరము వెళ్లు మనకు ప్లేగు ఎక్కడ జ్ఞాపకము వచ్చును?

అయితే స్థలము కొని ఇల్లు కట్టుకొనగలవారికే ఆ గాలి వెలుతురు. మిల్లు కూలివాడు, బండి తోలువాడు ఇరుకులోనే మిగిలిరి.

1945లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు బోర్డు, 1976లో బి.డి.ఏ. వచ్చినవి. సైటు కొరకు అర్జీ పెట్టుట మన యిండ్లలో తండ్రినుండి కుమారునికి సంక్రమించు ఆస్తి. ఈజీపురలో బీదలకై నగరపాలక సంస్థ కట్టించిన సుమారు 1,500 ఇండ్లు నాసిరకమై శిథిలముకాగా, అచటివారు రేకుల గుడిసెలలోనికి మారిరి. 2013 జనవరిలో ఆ గుడిసెలనుకూడ పడగొట్టిరి. ఎందరో పసిపిల్లలతో ఆ ప్రక్క కాలిబాటమీదనే చలిలో పడుకొనిరి.

ఇక ఈ ఊరి మేడలు కట్టు పాలమూరు కూలీల సంగతి. మొన్న సంక్రాంతికి మహబూబునగరము టిక్కెట్టు అడిగిన ఒక యిల్లాలి వెంట గిన్నెలు, బక్కెట్లు, చాపలు, ఇద్దరు పిల్లలు.

"పండుగకు ఇంత సామానెందుకమ్మా, ఇంటికి తాళము వేసి రారాదా?" అంటిని.

"బిల్డింగు అయిపోయింది సారూ," అన్నది. "షెడ్డు పీకేసిండ్రు."