కాటిసీను

మా పొన్నూరు చుట్టుపక్కల ఊళ్ళలో వరికోతలై, కుప్ప నూర్పిళ్ళు ముగిశాక నాటకాలు వేసేవారు. హరిశ్చంద్ర అంటే చాలు, నాయనమ్మ గోనెపట్టా చంకన పెట్టుకుని అందరికన్నా ముందు బయల్దేరేది. తెల్లవారుజామున కాటిసీను వచ్చేదాకా కునుకు తీసేది కాదు.

ఆ నాటకం, ‘సత్య హరిశ్చంద్రీయం’, 1912 నాటిది. రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టారు. కాటిసీనులో జనం ఎదురుచూసే ‘శ్మశానవాటి’ పద్యాలు మాత్రం ఆయనవి కావు, 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువావి. నాటకం కోసం రాసినవీ కావు. నటులే తెచ్చి కలుపుకున్నారు. అంటరానితనం చవిచూసిన కవి, మట్టిలో అందరూ ఒకటేనని చెప్పిన మాట అలా కాటికాపరిగా మారిన హరిశ్చంద్రుడి నోట పలికింది.

భుజాన నల్లకంబళి, చేతిలో కర్ర. పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితుణ్ణి మోసుకుని అతని భార్య చంద్రమతి వస్తుంది. కన్నతండ్రే కాటిసుంకం అడుగుతాడు. ‘వన్స్‌మోర్’ అని కేకలు. హార్మోనియం మళ్ళీ అందుకుంటుంది, రాగం ఇంకా సాగుతుంది.

నాయనమ్మ తొలిచూలు కొడుకు నాలుగో ఏట పోయాడు. ఇంట్లో వాడి పేరెత్తగా నేను వినలేదు. కాటిసీనులో మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలిపోయేది. చుట్టూ అందరూ ఏడుస్తుంటే, నీకేమైందమ్మా అని అడిగేవాళ్ళుండరు. బిడ్డ కోసం ఏడవడానికి ఆ తల్లికి ఏడాదికొక రాత్రి ఇచ్చినవాళ్ళు ఆ ఇద్దరు కవులే.