చిప్ టెస్టింగ్ టెక్నాలజీ కాపీ కొట్టారా? పేటెంట్ దావా ఎక్కడ, ఎలా వేయాలి?

చిప్‌లను పరీక్షించే కొత్త పరికరానికి మీరు పేటెంట్ తీసుకున్నారు. మీ అనుమతి లేకుండా మరో కంపెనీ దాన్ని తయారుచేసి అమ్ముతోంది. మీది కోనసీమలోని ఆలమూరు అనుకుందాం. అక్కడి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఈ దావా వేయడం కుదరదు. పోలీసులకు ఫిర్యాదు చేసినా లాభం లేదు. మన చట్టంలో పేటెంట్ ఉల్లంఘన నేరం కాదు, సివిల్ వివాదం.

ఇప్పుడు ఎందుకు తెలుసుకోవాలి?

2025 ఆగస్టు 12న కేంద్ర కేబినెట్ ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. దక్షిణ కొరియా కంపెనీ అపాక్ట్ సాంకేతిక సహకారంతో ఏఎస్ఐపీ సంస్థ ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యంతో దీన్ని పెట్టనుంది. చిప్‌లను ప్యాక్ చేసేచోట వాటిని పరీక్షించే పనీ ఉంటుంది.

దేని మీద గొడవలు వస్తాయి?

వేఫర్‌ను చిప్‌లుగా కోయకముందే, ప్రోబ్ కార్డుకు ఉండే సన్నని సూదులను ఆనించి ప్రతి చిప్‌నూ పరీక్షిస్తారు. ఈ కార్డులపై అమెరికా కంపెనీ ఫార్మ్‌ఫ్యాక్టర్ 2004లో కొరియా సంస్థ ఫైకామ్‌పై సియోల్‌లో దావా వేసింది. ఫైకామ్ ఆ పేటెంట్ల చెల్లుబాటునే సవాలు చేసింది. తర్వాత గొడవ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు చేరింది. ఉల్లంఘన జరగలేదని కమిషన్ 2009లో తేల్చింది. దావా వేస్తే మీ పేటెంట్ కూడా పరీక్షకు నిలబడాల్సి ఉంటుందని ఈ కేసు చెబుతోంది.

ఏ కోర్టుకు వెళ్లాలి?

1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 104 ప్రకారం జిల్లా కోర్టు కంటే కింది కోర్టులో దావా వేయకూడదు. పేటెంటే చెల్లదంటూ ప్రతివాది కౌంటర్ క్లెయిమ్ వేస్తే కేసు హైకోర్టుకు బదిలీ అవుతుంది. వివాదం విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించితే వాణిజ్య కోర్టుల చట్టం వర్తిస్తుంది. రాష్ట్రంలో ఇలాంటి ప్రత్యేక కోర్టులు విజయవాడ, విశాఖపట్నాల్లో ఉన్నాయి. సాధారణంగా ప్రతివాది వ్యాపారం చేసేచోట లేదా ఉల్లంఘన జరిగినచోట దావా వేయాలి. మీ సొంతూరు ఏదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అత్యవసర స్టే అడగకపోతే, వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

దావాకు ముందు ఇవి చూసుకోండి

• పేటెంట్ మంజూరైందా? దరఖాస్తు ప్రచురితమైనంత మాత్రాన దావా వేయలేరు.
• రెన్యువల్ ఫీజు కట్టారా? దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే గడువు. ఫీజు కట్టకపోతే అంతకంటే ముందే రద్దవుతుంది.
• పేటెంట్ భారత్‌లో ఉందా? అమెరికా పేటెంట్ ఇక్కడ చెల్లదు.
• ఎదుటివారి పరికరం మీ 'క్లెయిముల'తో సరిపోతోందా? రక్షణ వాటిలో రాసినంతవరకే. చూడ్డానికి ఒకేలా ఉంటే చాలదు.
• మీ పరికరంపై పేటెంట్ నంబరు ముద్రించారా? పేటెంట్ ఉందని తనకు తెలియదని ప్రతివాది రుజువు చేస్తే నష్టపరిహారం రాదు. 'పేటెంటెడ్' అన్న మాట ఒక్కటే సరిపోదు, నంబరూ ఉండాలి.

ఆధారాలు ఎలా?

టెస్టింగ్ ఫ్యాక్టరీ లోపల జరుగుతుంది, బయటికి కనిపించదు. అందుకే తనిఖీకి కమిషనర్‌ను నియమించమని కోర్టును కోరవచ్చు. గెలిస్తే ఉల్లంఘన ఆపాలన్న ఉత్తర్వుతో పాటు నష్టపరిహారం లేదా ఎదుటివారి లాభాల్లో వాటా, ఈ రెండింట్లో ఒకటి అడగవచ్చు.

మీకే నోటీసు వస్తే?

కంగారుపడి సంతకాలు చేయకండి. ఆ పేటెంట్ ఇంకా అమల్లో ఉందో లేదో పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆధారం లేని బెదిరింపు అయితే, సెక్షన్ 106 కింద మీరే కోర్టుకు వెళ్లవచ్చు.