పాత జీపు కొంటున్నారా? ధర కన్నా ముందు కాగితం, ఛాసిస్ చూడండి

* పేరు మారకపోతే కొన్నవారికే కాదు, అమ్మినవారికీ చిక్కే
* చేతిలోని సొమ్ములో మూడో వంతు మరమ్మతులకు ఉంచుకోవాలి

పటాన్‌చెరు: వానాకాలంలో రాయికోడ్, న్యాల్‌కల్ మండలాల నల్లరేగడి పొలాల్లోకి మామూలు కారు దిగితే తిరిగి రోడ్డెక్కడం కష్టం. నారాయణఖేడ్, కంగ్టి ప్రాంతాల తండాల దారులు, జహీరాబాద్ చెరకు తోటల బాటలు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల చుట్టూ నిర్మాణ పనులు సాగే మట్టి దారులు.. వీటన్నింటికీ జీపే తగిన వాహనం. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే కొత్త బండి కొనాలంటే రూ.10 లక్షలు దాటుతుంది. అంత స్తోమత లేని రైతులు, చిన్న గుత్తేదారులు, పరిశ్రమల ఉద్యోగులు పాత బండ్ల వైపు మొగ్గు చూపుతున్నారు. అయితే రంగు, టైర్లు చూసి మురిసిపోయి బయానా ఇచ్చినవారు ఆ తర్వాత రవాణాశాఖ కార్యాలయం చుట్టూ, షెడ్ల చుట్టూ తిరగవలసి వస్తోంది. పాత బండి చవకా, ఖరీదా అన్నది అమ్మకందారు చెప్పే ధరతో తేలదు. దాని కాగితాలు, ఛాసిస్ తేల్చుతాయి.

ఏ బండి ఎలాంటిది?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపును 1940ల చివరలో మహీంద్రా సంస్థ మన దేశానికి తెచ్చింది. ఎంఎం 540, ఎంఎం 550, మేజర్, కమాండర్, మార్షల్ వంటివన్నీ ఆ వంశంలోనివే. 2000లో బొలెరో, 2010లో థార్ వచ్చాయి. జిల్లాలోని జహీరాబాద్‌తోనూ ఈ సంస్థకు పాత అనుబంధం ఉంది. అక్కడి ఆల్విన్ నిస్సాన్ కర్మాగారాన్ని 1989లో తన అధీనంలోకి తీసుకొంది. 2013లో అక్కడే ట్రాక్టర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది.

జీపు ఆకారంలో ఉన్న ప్రతి బండీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదని కొనుగోలుదారులు ముందుగా గుర్తించాలి. కమాండర్, మార్షల్, మేజర్ బండ్లలో వెనుక చక్రాలకు మాత్రమే బలం అందేవి అధికం. ఎంఎం 540, ఎంఎం 550 బండ్లలో ముందు యాక్సిల్‌కూ బలం అందే అమరిక ఎక్కువగా కనిపిస్తుంది. బండి కిందకు వంగి చూస్తే సంగతి తెలిసిపోతుంది. గేర్ బాక్స్ వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు, అక్కడి నుంచి ముందు యాక్సిల్‌కు ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటేనే అది ఫోర్ వీల్ బండి. లోపల గేరు పక్కన అదనపు కడ్డీ ఉన్నంత మాత్రాన నమ్మరాదు. షాఫ్టు ఊడదీసి, కడ్డీని మాత్రం అలాగే ఉంచిన బండ్లు కూడా ఉంటాయి.

మారుతి జిప్సీ 1985లో వచ్చింది. దీని విక్రయాలను సంస్థ 2019లో నిలిపివేసింది. తేలికైన బండి కావడంతో బురదలో, ఇసుకలో సులువుగా కదులుతుంది. పెట్రోలు బండి కనుక ఇంధన ఖర్చు ఎక్కువ. రోజూ పొలానికి, పనికి తిరిగేవారికి డీజిల్ జీపు నయం. నెలకు నాలుగైదు సార్లు మాత్రమే బయటకు తీసేవారు జిప్సీని పరిశీలించవచ్చు.

కాగితాలే ప్రాణం

మోటారు వాహనాల చట్టం-1988లోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణాశాఖకు తెలపాలి. అమ్మినవారు ఫారం 29పై, కొన్నవారు ఫారం 30పై సంతకాలు చేయాలి. బండిపై రుణం తీసుకొని ఉంటే అది తీరినట్లు రుణదాత సంతకం చేసిన ఫారం 35 తప్పనిసరి. ఆర్‌సీలోని యజమాని మరణించి ఉంటే వారసులు ముందు ఫారం 31 ద్వారా తమ పేరుకు మార్చుకోవాలి. తాత పేరున ఉన్న జీపును మనవడు నేరుగా అమ్మజాలడు. ప్రభుత్వ శాఖలు, సైన్యం వేలం వేసిన బండ్లకు ఫారం 32తో పాటు వేలం పత్రాలు ఉండాలి. అవి లేని సైనిక జీపు ఎంత చవకగా వచ్చినా తుక్కుతో సమానం.

పన్నెండేళ్ల క్రితం ఈ విలేకరి సైతం ఒక పాత జీపు కొన్నాడు. అప్పు తీరిపోయిందని అమ్మకందారు చెప్పిన మాట నమ్మి పూర్తి సొమ్ము చెల్లించాడు. ఫారం 35 చేతికి వచ్చేసరికి ఎనిమిది నెలలు గడిచింది. అప్పటి వరకూ బండి ఇంటి ముందే నిలిచింది. ఆ కాగితం చూశాకే చివరి లక్ష ఇచ్చి ఉంటే ఆ చిక్కు వచ్చేది కాదు.

పేరు మార్పిడిని నిర్లక్ష్యం చేస్తే అమ్మినవారికి ఇంకా పెద్ద ముప్పు. 2009లో జరిగిన ఒక ప్రమాద కేసులో కారు అప్పటికే పలు చేతులు మారింది. ఆర్‌సీలో మాత్రం మొదటి యజమాని పేరే ఉంది. రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక సంతకం చేసిన ఖాళీ ఫారాలు మధ్యవర్తికి అప్పగించి చేతులు దులుపుకోరాదు. పాత వాహనాల వ్యాపారులు రవాణాశాఖ నుంచి అనుమతి పత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వ్యాపారి ద్వారా కొనేవారు, అమ్మేవారు ఆ పత్రాన్ని అడిగి చూడాలి.

పొరుగు రాష్ట్రాల బండ్లతో జాగ్రత్త

జిల్లాకు ఆనుకొనే కర్ణాటకలోని బీదర్ ఉంది. 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా మహారాష్ట్ర బండ్లూ వస్తుంటాయి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ పరిసరాల్లో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వులను 2018లో సుప్రీంకోర్టు సమర్థించడంతో అక్కడి బండ్లు కూడా తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలాయి. ఇటువంటి బండికి అసలు రాష్ట్రం నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తేవాలి. ఇక్కడ జీవిత పన్ను చెల్లించి కొత్త నంబరు పొందాలి. 12 నెలలకు మించి పరాయి నంబరుతో తిరగడం చట్టవిరుద్ధం. పన్ను ఎంత పడుతుందో జిల్లా రవాణాశాఖ కార్యాలయంలో ముందే తెలుసుకొని, ఆ మొత్తాన్ని బండి ధరకు కలిపి చూసుకోవాలి. అప్పుడు పొరుగు రాష్ట్రపు చవక బండి అంత చవక కాదని తేలవచ్చు.

పసుపు బోర్డు జీపు అయితే బకాయి పడిన త్రైమాసిక పన్ను, ఫిట్‌నెస్ గడువు చూడాలి. పాత చలానాలను పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్లో బండి నంబరుతో తెలుసుకోవచ్చు.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. అటుపై ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని అధికారులకు చూపి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. కార్లు, జీపులకు ఈ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.5 వేలు చేసింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో రూ.10 వేలకు పెంచింది. హరిత పన్ను దీనికి అదనం. 14 ఏళ్ల వయసున్న బండి కొనేవారు మరుసటి ఏడాది ఖర్చును ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

మార్పులు చేసిన బండ్లు

హరియాణాలోని డబ్వాలీ వంటి చోట్ల పాత జీపులకు కొత్త బాడీ, పెద్ద టైర్లు, వేరే ఇంజన్ అమర్చి అమ్ముతుంటారు. చూపులకు అవి కొత్తవాటిలా మెరుస్తాయి. అయితే తయారీ సంస్థ నిర్దేశించిన నమూనాకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్ల సంఖ్య, రంగు ఆర్‌సీతో సరిపోవాలి. ఛాసిస్ నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోవాలి. అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ రాపిడి, వెల్డింగ్ గుర్తులున్నా ఆ బేరం వదులుకోవడమే మేలు.

పగటి పూట, చల్లని ఇంజన్‌తో..

బండిని పగటి వెలుగులో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ తన లోపాన్ని దాచుకుంటుంది. ఉదయాన్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ రావడం పాత డీజిల్ బండ్లలో సహజం. వేడెక్కిన తర్వాత కూడా నీలి పొగ ఆగకపోతే ఇంజన్ ఆయిలు కాలుతున్నట్లు భావించాలి. నడుస్తున్న ఇంజన్‌పై ఆయిలు మూత తెరిచినప్పుడు పొగ బలంగా ఎగదన్నితే రింగులు, బోరు అరిగినట్లే. రేడియేటర్ నీటిలో నూనె తెట్టు కనిపిస్తే ఆ బండి జోలికి పోరాదు. వేడెక్కిన రేడియేటర్ మూతను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవరాదు.

ఇంజన్ చెడితే బాగు చేయవచ్చు. ఛాసిస్ కుళ్లితే అంత సులువు కాదు. కమాన్ పట్టీలు బిగించే చోట్లు, వెనుక అడ్డ దూలం, మ్యాట్ల కింది నేల రేకు, బాడీని ఛాసిస్‌కు బిగించే బోల్టుల వద్ద చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లినది బొళ్లున పలుకుతుంది. చిన్న అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద పుట్టీ దట్టంగా పూసి ఉన్నట్లు. రసాయన పరిశ్రమల్లో డబ్బాలు మోసిన బండ్లలో ఆమ్లం ఒలికి అడుగు భాగం తినివేసి ఉండవచ్చు. పారిశ్రామిక వాడలో తిరిగిన బండి విషయంలో ఈ పరీక్ష మరింత అవసరం.

ఫోర్ వీల్ పనితీరును తారు రోడ్డుపై పరీక్షించరాదు. ఇటువంటి జీపుల్లో ముందు, వెనుక యాక్సిళ్లు కలిసి బిగుసుకొని తిరుగుతాయి. పొడి రోడ్డుపై మలుపు తిప్పితే గేర్లపై ఒత్తిడి పడి విరిగే ప్రమాదం ఉంది. మెత్తని మట్టి నేలపై, ముందు చక్రాల హబ్‌లు బిగించి, లో గేరులో నెమ్మదిగా నడపాలి. గేరు దానంతటదే జారిపోయినా, కింద టకటక చప్పుడు వచ్చినా ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టు క్రాసులు అరిగినట్లు గ్రహించాలి. యాక్సిల్ హౌసింగులోని ఆయిలు పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే వాగు నీరు లోపలికి చేరిందని అర్థం.

టైరు పక్క గోడపై ఉండే కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనది. గుండీలు బాగున్నా ఏళ్లు గడిచిన రబ్బరు పగులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో లేకుంటే ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్లు దెబ్బతింటాయి.

సొమ్ము ఎలా పంచుకోవాలి?

చేతిలో రూ.3 లక్షలు ఉంటే బండి ధర రూ.2 లక్షలు దాటరాదు. మిగిలిన లక్షలో పేరు మార్పిడి, పన్ను, బీమా, తొలి మరమ్మతులు సరిపెట్టుకోవాలి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ బీమాకు ఏటా 1500 సీసీ దాటిన సొంత బండికి రూ.7,897, 1000 నుంచి 1500 సీసీ లోపు బండికి రూ.3,416 మూల ప్రీమియం. పన్ను అదనం. డీజిల్ జీపులు తొలి తరగతిలోకి, 1298 సీసీ జిప్సీ రెండో తరగతిలోకి వస్తాయి. కొన్న 14 రోజుల్లోగా బీమాను తమ పేరుకు మార్చమని కోరాలి. లేకుంటే సొంత బండికి జరిగిన నష్టంపై పరిహారం అందకపోవచ్చు.

బండి ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఇంజన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు యాక్సిళ్ల ఆయిళ్లు, బ్రేక్ ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు, రబ్బరు పైపులు మార్పించాలి. ముందుగా బ్రేకులు, స్టీరింగు, తర్వాత కూలింగ్, ఆ తర్వాతే ఇంజన్ బలం. రంగు, సీట్లు, సోకులు చివర. పాత పెట్రోలు బండ్లున్నవారు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడుకలోకి వచ్చినందున రబ్బరు పైపులను తరచూ చూసుకోవాలి.

లేత్, వెల్డింగ్ పని తెలిసినవారు అందుబాటులో ఉండటం పారిశ్రామిక వాడలో నివసించేవారికి కలిసివచ్చే అంశం. దొరకని బుష్షులు, పిన్నులు ఇక్కడ చేయించుకోవచ్చు. అయితే బ్రేకు, స్టీరింగు భాగాలకు మాత్రం అసలు సంస్థవే వాడాలి. అక్కడ ఆదా చేసే వంద రూపాయలు ప్రాణం మీదకు తెస్తాయి.

వాగు దాటితే గ్రీజు

నల్లరేగడి బురద ఆరితే రాయిలా గట్టిపడుతుంది. కమాన్ల మధ్య, ఛాసిస్ సందుల్లో తడి నిలిచి తుప్పు పడుతుంది. కనుక పొలం నుంచి వచ్చిన రోజే అడుగు భాగం కడగాలి. చక్రాల హబ్‌లు మునిగేలా నీటిలో దిగితే బేరింగుల గ్రీజు, యాక్సిల్ ఆయిలు పరిశీలించాలి. షాఫ్టు క్రాసులకు, కింగ్ పిన్నులకు, కమాన్ పిన్నులకు నెలకోసారి గ్రీజు పట్టించాలి. నెలకోసారైనా మట్టి నేలపై ఫోర్ వీల్ వేసి కొద్ది దూరం నడపాలి. ఏళ్ల తరబడి వాడని కడ్డీ అవసరం వచ్చిన రోజున మొరాయిస్తుంది.

బయానా ఇచ్చే ముందు..

* ఆర్‌సీలోని యజమానిని స్వయంగా కలవాలి. గుర్తింపు కార్డు చూడాలి.
* ఛాసిస్, ఇంజన్ నంబర్లను ఆర్‌సీతో సరిచూడాలి.
* రుణం, పన్ను, చలానాలు, రిజిస్ట్రేషన్ గడువు తెలుసుకోవాలి.
* సొంత మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లాలి. అమ్మకందారు చూపిన మెకానిక్‌ను కాదు.
* సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లించాలి. బండి అప్పగించిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి.
* పేరు మారే వరకు కొంత సొమ్ము నిలుపుకునేలా ముందే ఒప్పందం రాసుకోవాలి.

ఇవన్నీ సరిచూసేందుకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు ఆగలేనని తొందరపెట్టే అమ్మకందారు వద్ద బేరం మానుకోవడమే ఉత్తమం. జీపులు మరెన్నో దొరుకుతాయి. కష్టార్జితం పోతే మళ్లీ కూడబెట్టేందుకు ఏళ్లు పడుతుంది.