ఆ టీకా వెనక ఇద్దరు వలసదారులు

మా అమ్మాయి ఇక్కడ బ్రిస్బేన్‌లో ఏడో తరగతిలో చేరిన కొత్తలో బడి నుంచి ఒక అనుమతి పత్రం తెచ్చింది. హెచ్.పి.వి. టీకా వేయడానికి తల్లో తండ్రో సంతకం చెయ్యాలట. మా ఆయన వెంటనే కలం తీశారు. నేనే ఆపాను. కారణం, ఖమ్మంలో టీచరుగా చేస్తున్న మా అక్క. ఫోన్లో టీకా పేరు చెప్పగానే "మా జిల్లాలో వేసి ఆపేశారే, ఆ సూది కాదు కదే?" అంది.

ఆ సూదే. దాని పుట్టిల్లు మేముంటున్న ఊరేనని నాకు అప్పటిదాకా తెలియదు. సంతకానికి ముందు దాని కథ తెలుసుకుందామని కూర్చున్నాను.

ఇయన్ ఫ్రేజర్ గారు 1953లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టారు. ఎడింబరోలో వైద్యం చదివి, 1980ల మొదట్లో మెల్‌బోర్న్‌కి, 1985లో బ్రిస్బేన్‌కి వచ్చారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకీ పాపిలోమా వైరస్‌కీ ఉన్న సంబంధాన్ని అప్పటికే, 1983లో, జర్మనీలో జుర్ హౌసెన్ బయటపెట్టారు. అయితే ఆ వైరస్ ప్రయోగశాలలో మామూలుగా పెరగదు. పెరిగినా, క్యాన్సరు తెచ్చే జన్యువులున్న దాన్ని చక్కగా ఉన్న పిల్లలకి ఎలా ఎక్కిస్తారు?

1989లో ఫ్రేజర్ కొంతకాలం కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడ జియాన్ జౌ పరిచయమయ్యారు. చైనాలో వైద్యం చదివి వైరస్‌ల పరిశోధనలోకి వచ్చిన మనిషి. మరుసటి ఏడు జౌ, ఆయన భార్య షియావో యీ సన్ బ్రిస్బేన్ వచ్చేశారు. వైరస్ పైపొర ప్రోటీన్లను మాత్రమే కణాల్లో తయారు చేయిస్తే, అవి వాటంతట అవే కూడుకుని వైరస్ ఆకారంలో గుల్లలయ్యాయి. గింజ లేని చింతకాయ అనుకోండి. చూడ్డానికి చింతకాయే, పాతితే మొలవదు. మన ఒంటికి మాత్రం శత్రువు రూపురేఖలు తెలిసిపోతాయి.

1991లో 'వైరాలజీ' పత్రికలో వచ్చిన ఆ వ్యాసంలో మొదటి పేరు జౌది, రెండోది ఆయన భార్యది, చివరిది ఫ్రేజర్‌ది. ఈ సంగతి మనవాళ్ళు గమనించాలి. పత్రికల్లో ఎక్కువగా ఒక్క పేరే కనిపిస్తుంది మరి. అమెరికా ప్రయోగశాలలు కొన్ని తామే ముందన్నాయి. ఆ తగవు 2007లో అక్కడి అప్పీలు కోర్టులో ఫ్రేజర్ పక్షాన తేలింది. 2006 ఆగస్టులో బ్రిస్బేన్‌లో తొలి టీకాను ఫ్రేజరే స్వయంగా వేశారు. జౌ అది చూడలేదు. 1999లో చైనా వెళ్ళినప్పుడు, నలభై దాటీ దాటకుండానే పోయారు.

2007లో ఆస్ట్రేలియా బడుల్లో ఆడపిల్లలకి ఉచితంగా వేయడం మొదలైంది. 2013 నుంచి మగపిల్లలకీ వేస్తున్నారు.

మరి ఖమ్మం? 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఖమ్మంలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ వేలమంది ఆడపిల్లలకి ఈ టీకాలు వేయించాయి. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ చాలా పత్రాల మీద అమ్మానాన్నలకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారని కూడా తేలింది. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. భూటాన్ అదే 2010లో దేశమంతటా ఈ టీకా మొదలుపెట్టింది. మన దగ్గర మాత్రం ఆ పేరంటేనే భయం మిగిలింది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. అడగకుండా చేసిన పనికి వచ్చిన భయం అది.

మా పెద్దమ్మ ఈ క్యాన్సరుతోనే పోయింది. ఏడాదిపాటు రక్తం పోతున్నా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

సంతకం చేశాక అక్కకి ఫోన్ చేశాను. పూణేలో తయారైన టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోందని చెప్పాను. దానికీ మనవరాలుంది. కాసేపు మాట్లాడలేదు. "ఆ కాగితం ఫోటో తీసి పంపు. మిమ్మల్ని ఏమేం అడిగారో చూస్తాను" అంది.

పంపాను.