టిక్కెట్లు ఎప్పుడు కొందాం?

మా మావయ్యగారి ఉద్యోగం రోజుల్లో విమానం టిక్కెట్టు ఎప్పుడు కొంటే చవక అన్న ప్రశ్నే లేదు. ఆఫీసు పని మీద రెండుమూడుసార్లు బేగంపేట నుంచి ఢిల్లీ వెళ్ళొచ్చారాయన. ఈ వేసవి ప్రయాణం గురించి మేమంతా ఫోన్లు ముందేసుకుని రేట్లు చూస్తుంటే, "టిక్కెట్టుకి రేటంటూ ఒకటుంటుంది కదమ్మా, ఎప్పుడు కొంటే ఏంటి?" అన్నారు. పిల్లలు నవ్వారు గానీ, ఆయన కాలానికి అది అక్షరాలా నిజం. ఆ నిజం ఎప్పుడు, ఎందుకు మారిందో వెతుక్కుంటూ పోతే నాకు చాలా సంగతులు తెలిశాయి. రేట్లు చూసేవాళ్ళకి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం వచ్చింది. దేశంలో ఉన్న ప్రైవేటు విమాన కంపెనీలన్నీ ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. వాటిలో మన హైదరాబాదుదీ ఒకటుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్. అలా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. ఇక నలభై ఏళ్ళపాటు దేశం లోపల తిరగాలంటే ఆ ఒక్క కంపెనీయే గతి. హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఒక రేటంటే అదే రేటు. ఆరు నెలల ముందు కొన్నా, ముందు రోజు కొన్నా తేడా లేదు. విద్యార్థులకీ పెద్దవాళ్ళకీ రాయితీలు ఉండేవి. అవి మనిషిని బట్టి ఇచ్చేవేగానీ కొన్న రోజుని బట్టి కాదు. అసలు బెంగ సీటు దొరుకుతుందా లేదా అన్నదే. వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టుకుని, తెలిసినవాళ్ళ చేత ఫోన్లు చేయించుకునేవాళ్ళట.

కొన్న రోజుని బట్టి ధర మారడం మన దగ్గర పుట్టింది కాదు. 1970ల మొదట్లో బ్రిటన్ కంపెనీ బీఓఏసీ, ప్రయాణానికి కనీసం 21 రోజుల ముందు కొనేవాళ్ళకి తక్కువ ధరకి సీట్లివ్వడం మొదలుపెట్టింది. ఇక్కడ నాకొక సందేహం వచ్చింది, మీకూ వస్తుంది. మా వీధిలోకి వచ్చే ఆకుకూరలమ్మి పొద్దున్న ఇరవై రూపాయలకిచ్చే కొత్తిమీర సాయంత్రానికి పదికిస్తుంది, మర్నాటికి వాడిపోతుంది కాబట్టి. విమానంలో సీటూ అంతే కదా, విమానం లేచాక దాని విలువ సున్నా. మరి ఆఖర్న చవకవ్వాల్సింది పోయి ఖరీదెందుకవుతుంది?

జవాబు వచ్చే మనిషిలో ఉంది. సాయంత్రం కొత్తిమీరకి వెళ్ళేవాళ్ళు అది దొరక్కపోయినా కూర వండుకోగలరు. ముందు రోజు రాత్రి విమానం టిక్కెట్టు కొనేవాళ్ళు మాత్రం వెళ్ళక తప్పనివాళ్ళు. మర్నాడు పెద్ద మీటింగో, ఇంటర్వ్యూనో, ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికి రావడమో. అందుకని చవక టిక్కెట్లు ముందే అన్నీ అమ్మేయకూడదు, ఆ మనిషి కోసం కొన్ని ఆపాలి. ఎన్ని ఆపాలి? 1972లో అదే కంపెనీలో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ ఒక లెక్క చెప్పారు. పూర్తి ధర పదివేలు, తగ్గింపు ధర అయిదువేలు అనుకోండి. ఈ సీటు కోసం పదివేలిచ్చే మనిషి వచ్చే అవకాశం సగానికి మించి ఉంటే సీటు ఆపు, సగం కంటే తక్కువైతే అయిదువేలకి ఇచ్చెయ్యి. ఇంతే. ఈ రోజు కంప్యూటర్లు రాత్రీపగలూ చేస్తున్న లెక్కలకి మూలం ఇదేనంటే నాకు ఆశ్చర్యమేసింది. పొదుపు చేసే ఏ ఇల్లాలికైనా అర్థమయ్యే లెక్క.

దీన్ని పెద్ద వ్యాపారం చేసింది అమెరికావాళ్ళు. అక్కడ సెలవులకి వెళ్ళే కుటుంబాలని చౌక చార్టర్ విమానాలు ఎగరేసుకుపోతుంటే, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో రాబర్ట్ క్రాండల్ ఒకటి గమనించారు. తమ విమానాలు ఎలాగూ ఎగురుతున్నాయి, ఖాళీ సీట్లో ఒకరు కూర్చుంటే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. 1977లో న్యూయార్క్, కాలిఫోర్నియాల మధ్య 'సూపర్ సేవర్' పేరుతో టిక్కెట్లు పెట్టారు. చాలా ముందుగా కొనాలి, వెళ్ళిన చోట కొన్ని రోజులుండాలి. మరుసటి ఏడాది అక్టోబరులో కార్టర్ సంతకంతో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు తొలగించే చట్టం వచ్చింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్ లాంటి చౌక కంపెనీలు బయల్దేరాయి. 1985లో అమెరికన్ వాళ్ళు మరింత తగ్గింపు టిక్కెట్లు దించారు, కొన్ని సీట్లకి మాత్రమే, ముందుగా కొంటేనే. చౌక కంపెనీ అన్ని సీట్లూ చవకగా అమ్ముకుంటుంటే, వీళ్ళు అదే విమానంలో చవకవీ ఖరీదువీ కలిపి అమ్మారు. 1987కల్లా పీపుల్ ఎక్స్‌ప్రెస్ ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

అప్పట్లో అమెరికా టిక్కెట్లలో ఉండే ఒక షరతు నాకు భలే నచ్చింది. శనివారం రాత్రి అక్కడే ఉండి తీరాలి. ఎందుకంటే ఆఫీసు పని మీద వెళ్ళిన మనిషి శనివారానికి ఇంటికొచ్చేస్తాడు, పిల్లాపాపలతో సెలవులకి వెళ్ళినవాళ్ళు ఉంటారు. పేరడక్కుండా ఎవరు సంసారులో కనిపెట్టే ఉపాయం! అంటే ముందస్తు తగ్గింపు అన్నది మొదటి నుంచీ మనలాంటి కుటుంబాల కోసం తయారైనదే. మన దగ్గర డబ్బు తక్కువ, కానీ తేదీ ముందే చెప్పగలం. ఆ తేదీ కొనుక్కుని వాళ్ళు తగ్గింపు ఇస్తున్నారు.

మన దేశంలో 1994లో పాత చట్టాన్ని రద్దు చేశారు. 2002 ప్రాంతంలో 'అపెక్స్' ఛార్జీలొచ్చాయి, ముందుగా కొంటే తగ్గింపు. ఆ మరుసటి ఏడు కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ మొదలుపెట్టారు. 'ఆకాశం నీ హద్దురా' సినిమా చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. సినిమాలో అంతగా చూపించనిది టిక్కెట్టు ధర తంతు. ఆ కంపెనీ రూపాయి టిక్కెట్లు మన ఇళ్ళల్లో పెద్ద కబురు. దొరికినవాళ్ళు కొద్దిమందే. కానీ 'ముందు చూసుకుంటే చవక' అన్న మాట మధ్యతరగతి ఇంట్లోకి అలా వచ్చింది. అంతకుముందు రైలు రిజర్వేషనుకి మాత్రమే అంత ముందుచూపు మనకి.

రైలు అన్నాను కాబట్టి, ఈ రేట్లు ఎలా పెరుగుతాయో రైలుతోనే చెప్పడం తేలిక. 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ఫ్లెక్సీ ఛార్జీలు పెట్టారు. ప్రతి పదిశాతం బెర్తులు అమ్ముడయ్యే కొద్దీ ధర మరో పదిశాతం పైకి, ఒక హద్దు దాకా. విమానంలో కూడా ఒకే రకం సీట్లని ఇలా రకరకాల ధరల అరలుగా పెడతారు. తేడా ఏంటంటే, ఏ అరలో ఎన్ని సీట్లుండాలో గిరాకీని బట్టి రోజూ మారుస్తారు, మనకి చూపించరు.

ఇది తెలిశాక ఇంట్లో వాళ్ళ సిద్ధాంతాలు ఒక్కొక్కటీ తేలిపోయాయి. మా మరిదిగారి 'మంగళవారం అర్ధరాత్రి' ఒకప్పటి అమెరికా మాట. అక్కడ ఒక కంపెనీ సోమవారం తగ్గింపు ప్రకటిస్తే మంగళవారానికి పోటీవాళ్ళూ అదే ధరకి దిగేవాళ్ళట. ఇప్పుడు ధరలు వారమంతా, రోజంతా మారుతూనే ఉంటాయి. 'చూసిన కొద్దీ రేటు పెంచుతారు' అనే మా అమ్మాయి మాటకి వేరే కారణం ఉండొచ్చు. మనం చూసి ఆలోచించుకునే లోపల ఇంకెవరో కొంటారు, కింది అర ఖాళీ అవుతుంది. ఇంకోటి, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది. చవక అరలో నాలుగు సీట్లే మిగిలి ఉన్నప్పుడు మీరు ఆరుగురికని అడిగితే, సాధారణంగా ఆరు సీట్లూ పై అర ధరకే చూపిస్తారు. ముందు ఒక్కరికి చూడండి, తర్వాత ఆరుగురికి చూడండి. తేడా ఉంటే నలుగురికి ఒకసారి, ఇద్దరికి ఒకసారి తీసుకోండి.

'కొనాలా, ఆగాలా' అన్న బెంగతో ఒక ప్రొఫెసరు ఏకంగా కంపెనీయే పెట్టారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఓరెన్ ఎట్జియోని తమ్ముడి పెళ్ళికని చాలా ముందుగా టిక్కెట్టు కొనుక్కుని విమానమెక్కారు. పక్కవాళ్ళని అడిగితే, ఆయన తర్వాత కొన్నవాళ్ళు కూడా తక్కువే ఇచ్చారని తెలిసింది. ఒళ్ళు మండి, 41 రోజులపాటు పన్నెండు వేలకి పైగా ధరలు పోగుచేసి, కొనాలో ఆగాలో చెప్పే ప్రోగ్రాం రాశారు. దానికి ఊగిసలాటకి పేరుపడ్డ షేక్‌స్పియర్ నాయకుడు హామ్లెట్ పేరే పెట్టారు. 2003లో దాని మీద పరిశోధన పత్రం వచ్చింది. అదే ఫేర్‌కాస్ట్ అనే కంపెనీ అయితే 2008లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2014లో ఆ అంచనాల సేవ ఆపేసింది. ముందు కొంటే ఎప్పుడూ చవకే అనుకునేవాళ్ళు ఈ పెళ్ళి ప్రయాణం గుర్తుంచుకోవాలి. ఆ విమానం నిండదని తోస్తే కింది అరలు మళ్ళీ తెరుస్తారు.

మా వారు ఆశపడే ఆఖరి నిమిషం ఆఫరు అదే. కానీ ఆఖరి నిమిషం రెండో ముఖం నేను చూశాను. మూడేళ్ళ కిందట మా నాన్నకి గుండెనొప్పని విశాఖ నుంచి తెల్లవారుజామున ఫోను. ఆ ఉదయం విమానానికి మేమిద్దరం ఇచ్చిన డబ్బుతో మామూలు రోజుల్లో నలుగురం వెళ్ళి రావచ్చు. మా ముందు వరసలో ఒక కుటుంబం పిల్లలతో అరకు వెళ్తోంది, నవ్వుకుంటూ. వాళ్ళ మీద నాకేం కోపం రాలేదు. వాళ్ళకి ఆ టిక్కెట్టు చవకగా దొరకడానికీ, నాకు ఆ పొద్దున సీటంటూ ఒకటి మిగిలి ఉండడానికీ కారణం ఒకే లెక్క అని ఇప్పుడు తెలిసింది. లిటిల్‌వుడ్ ఎవరికోసం సీటు ఆపమన్నారో ఆ మనిషిని నేనే. నాన్న ఆ రోజు దక్కారు. ఆ సీటు లేకపోతే? అయినా, ప్రాణం మీదికొచ్చినవాళ్ళ దగ్గరా, కంపెనీ ఖర్చు మీద మీటింగుకి వెళ్ళేవాళ్ళ దగ్గరా ఒకే రేటు తీసుకోవడం న్యాయమేనా అంటే, నాకు కాదనే అనిపిస్తుంది. కరోనా తర్వాత 2020 మే 25న విమానాలు మళ్ళీ ఎగిరినప్పటి నుంచి 2022 ఆగస్టు 31 వరకు ప్రభుత్వమే ఛార్జీలకి పై హద్దు పెట్టింది. మనసుంటే హద్దు పెట్టొచ్చని అప్పుడు రుజువైంది.

ఇక మా సంగతి. గాంగ్‌టక్, డార్జిలింగ్ వెళ్దామని. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. జన్మలో ఒక్కసారి మంచుకొండ చూడాలని ఎన్నేళ్ళుగానో అంటున్నారు, మోకాళ్ళు వచ్చే ఏడాదికి ఎలా ఉంటాయో తెలీదు. వెళ్ళాల్సింది మే నెలలో. ఆ నెలలో బాగ్‌డోగ్రా విమానాలకి మనలాంటి సంసారులే ఎగబడతారు, పిల్లల సెలవులు అందరివీ అప్పుడే కాబట్టి. నిండే విమానంలో చవక అర మొదటి నుంచే చిన్నగా పెడతారు. ఇలాంటి చోట ఆగితే వచ్చేది ఆఫరు కాదు, పై అర. విమానం ఖాళీగా వెళ్ళే నెలల్లో అయితే మా వారి మాట విని ఆగేదాన్నేమో.

కాబట్టి నా పని రేట్లు చూడడం కాదు, తేదీ గట్టి చేయడం. అమ్మాయికి ఎప్‌సెట్ ఉంది. ఆ పరీక్ష తేదీలొచ్చేదాకా ఎవరెంత చెప్పినా కొననన్నాను. తేదీలొచ్చిన రాత్రే మా వారి సెలవు, మావయ్యగారి షుగరు పరీక్షల రోజు, పాలవాడికి చెప్పాల్సిన మాట అన్నీ కాలెండరు మీద రాసుకున్నాను. పరీక్షయ్యాక నాలుగు రోజులు వదిలి అయిదో రోజు విమానం. నలుగురికి ఒకసారి, ఇద్దరికి ఒకసారి టిక్కెట్లు తీసుకున్నాం. రద్దయితే అసలు ఛార్జీ చాలావరకు పోతుంది. పన్నులు, విమానాశ్రయం రుసుములు మాత్రం ఎంత చవక టిక్కెట్టుకైనా వెనక్కివ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి టిక్కెట్లతో పాటు బీరువాలో పెట్టాను. అత్తయ్యగారు స్వెట్టరు ఎప్పుడు కొందామని అడుగుతున్నారు.