ఫిర్యాదుకూ రక్షణకూ మధ్య: గృహహింస కేసుల్లో నోటీసు కాలం

గృహహింసపై ఫిర్యాదు చేస్తే భర్తను వెంటనే అరెస్టు చేస్తారన్న నమ్మకం మన సమాజంలో పాతుకుపోయింది. ఆ నమ్మకంతోనే కొందరు స్టేషన్‌కు వెళ్లడానికి జంకుతారు. వెళ్లినవారు ఇక గండం గడిచిందనుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. అంత తెగించి వచ్చిన మనిషికి తర్వాత జరగబోయేది ముందే తెలియాలి.

కంప్లయింట్ ఇవ్వగానే చాలాచోట్ల మొదలయ్యేది కేసు కాదు, ‘కౌన్సెలింగ్’. ఇరువైపుల పెద్దలను పిలిపిస్తారు. “పిల్లల మొహం చూసి సర్దుకుపోమ్మా” అంటారు. వైవాహిక వివాదాల్లో ప్రాథమిక విచారణకు సుప్రీంకోర్టు లలితాకుమారి తీర్పు (2013) వీలిచ్చిన మాట నిజమే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఇలాంటి నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ఆ విచారణ ముగించమంటుంది. కానీ అది కేసు నమోదుకు ఆధారం ఉందో లేదో తేల్చడానికే. రాజీ కుదర్చడం దాని పని కాదు. ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు చెప్పుకోవచ్చు. కడితే కాపీ ఉచితంగా ఇవ్వాలి.

అసలు చిక్కు ఎఫ్ఐఆర్ తర్వాత వస్తుంది. భర్త, అత్తింటివారి క్రూరత్వానికి వర్తించే పాత ఐపీసీ 498ఏ (నేటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్) కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని అర్నేష్ కుమార్ తీర్పు (2014) చెప్పింది. అరెస్టుకు బదులు, విచారణకు హాజరు కమ్మని పోలీసులు నోటీసు ఇస్తారు. సెక్షన్ నంబరు మారినా దాన్ని అందరూ ఇంకా ‘41ఏ నోటీసు’ అనే అంటారు. దాని మీద సంతకం పెట్టి భర్త సాయంత్రానికి ఇంటికి చేరతాడు. తన మీద కేసు పెట్టిందన్న కసి తాజాగా ఉంటుంది. చాలాసార్లు ఆమె ఉండేదీ అదే ఇల్లు. వ్యక్తి స్వేచ్ఛ దృష్ట్యా ఆ తీర్పును తప్పుపట్టలేం. అయితే అరెస్టు లేనిచోట ఆమెకు అడ్డుగా ఏది నిలబడుతుందన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

జవాబు 2005 నాటి గృహహింస చట్టంలో ఉంది. దీని కింద వేసే కేసును కోర్టు వాడుకలో ‘డీవీసీ’ అంటారు. ఎఫ్ఐఆర్‌తో నిమిత్తం లేకుండా మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు వేసుకోవచ్చు. అతను ఆమె జోలికి రాకుండా, ఫోన్ కూడా చేయకుండా రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. అవసరమైతే అతనితోనే ఇల్లు ఖాళీ చేయించవచ్చు. అత్త, ఆడబిడ్డ వంటి స్త్రీలను మాత్రం అలా పంపడానికి చట్టం ఒప్పుకోదు. తొలి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో రావాలన్నది చట్టం ఆశయం. ఆచరణలో వాయిదాలు సాగుతాయి కాబట్టే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగడం కీలకం. తగిన ఆధారం కనిపిస్తే ప్రమాణపత్రం మీదే, అతను హాజరు కాకముందే, కోర్టు దాన్ని ఇవ్వగలదు. ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు.

ఈ దారి ఉందని ఆమెకు చెప్పడం అదే చట్టంలోని ఐదో సెక్షన్ ప్రకారం పోలీసుల విధి. నోటి మాటతో సరిపెట్టకుండా, నిందితుడి చేతికి నోటీసు ఇచ్చిన రోజే ఆమెను ఆ చట్టం కింద నియమితులైన రక్షణాధికారి వద్దకో, బాధిత స్త్రీలకు సాయపడే సఖి కేంద్రానికో రాతపూర్వకంగా పంపాలి. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలూ దీన్ని తప్పనిసరి చేయాలి.